“పుబ్బలో పుట్టె…” తరువాతి అక్షరం ఏమిటి?

పెరటి తోట, హ్యూస్టన్:
మా అమ్మమ్మ మాట ఒకటి మూడు రోజులుగా నోట్లో నలుగుతోంది, చివర మాత్రం అందడం లేదు. ఏలూరు దగ్గర మా ఊళ్ళో చేలోకి విత్తనం పంపే రోజు ఆవిడ కొట్టుగదిలో కూర్చుని ఇత్తడి మానికతో గింజలు కొలిచేది. నిండిన మానిక అంచు మీద అరచేత్తో ఒక్కసారి రాసి, పొంగిన గింజలను మళ్ళీ సంచిలోకి తోసేసి, “పుబ్బలో పుట్టె… మఖలో మానె…” అని ఏదో అనేది. ‘పుట్టి’యా, ‘పుట్టె’యా? తరువాతిది ‘మాడి’యా, మరొకటా?

గుర్తొచ్చిన సందర్భం చెబుతాను. ఇక్కడ ఆగస్టు చివర పగలు 36 డిగ్రీలు, రాత్రి 25 కంటే కిందికి దిగడం కష్టం, తెల్లవారేసరికి ఆకుల మీద చెమట పట్టినట్టు తేమ. మా నేల నల్లని జిగట మన్ను. తడిస్తే పారను వదలదు, ఎండితే వేలు దూరేంత నెర్రె విచ్చుతుంది. రెండో పంటకని పోయిన వారం 12 టమాటా మొక్కలు నాటాను. తొమ్మిది మొదళ్ళ దగ్గర నల్లబడి ఒరిగిపోయాయి.

తెలుగు మాస్టారు, తెనాలి:
సందేహమే లేదమ్మా. “పుబ్బలో పుట్టి మఖలో మాడినట్టు.” నాలుగు సంచికలకే ఆగిపోయిన పత్రికల గురించి మా గురువులు ఈ మాటే అనేవారు. మీరు విన్నది ‘పుట్టి’యే. మీ నారుకు కూడా అతికినట్టు సరిపోయింది.

పంచాంగం, గద్వాల:
మాస్టారూ, సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే రెండేసి వారాలే కార్తెలు. వాటి వరుస మఖ, పుబ్బ, ఉత్తర. మఖ ఆగస్టు 17 ప్రాంతంలో వస్తుంది, పుబ్బ ఆ నెలాఖరున. పుబ్బలో పుట్టినది మఖలో మాడాలంటే మధ్యలో పదకొండున్నర నెలలు బతకాలి. అల్పాయుష్షు అని చెప్పడానికి అంత ఆయుష్షు ఎందుకు? అందుకే మా వైపు పెద్దలు “మఖలో పుట్టి పుబ్బలో మాడినట్టు” అంటారు. అదే సరైన పాఠం.

తెలుగు మాస్టారు, తెనాలి:
లెక్క మీదే నిజం, చెవి మాత్రం నా వైపు ఉంది. పుబ్బకు పుట్టి, మఖకు మాడి: ముందక్షరాలు జంటగా పలుకుతున్నాయి. సామెతను నాలుక మీద నిలబెట్టేది ఆ పలుకే. వరుస తారుమారైనా జనం దాన్ని వదులుకోలేదు. మీ పాఠం ఎవరో పంచాంగం ముందు పెట్టుకుని దిద్దినదని నా నమ్మకం.

పంచాంగం, గద్వాల:
కార్తెలను బట్టి నాగలి కట్టినవాళ్ళు మఖ ముందో పుబ్బ ముందో తెలియక మాట్లాడి ఉంటారా? చంద్రుని నక్షత్రాలు తీసుకున్నా మఖ మరునాడే పుబ్బ. పలుకు కోసం రైతు కాలాన్ని తిరగేశాడంటే నేను ఒప్పుకోను.

కరణంగారి మనవరాలు, నంద్యాల:
ఇద్దరూ ఆవిడ అడిగిన అక్షరాన్నే వదిలేశారు. ఆవిడ చెవిన పడింది ‘పుట్టె’, ‘మానె’. అమ్మమ్మగారి చేతిలో ఉన్నదేమిటి? మానిక! ఆ సామెత ఇది: “పుబ్బలో పుట్టెడు చల్లేకంటే మఖలో మానెడు చల్లేది మేలు.” పుట్టికి 20 తూములు, తూముకు 4 కుంచాలు, కుంచానికి 4 మానికలు. అంటే పుట్టికి 320 మానికలు. అదను దాటాక 320 రెట్లు చల్లినా దండుగే అని చెబుతోంది. ‘పుట్టెడు దుఃఖం’లో ఉన్నది కూడా ఈ పుట్టే.

ఇంకో మాట కూడా నాకు చాలాకాలంగా తోస్తోంది. కొలతలు మరుగున పడ్డాక పుట్టెడును పుట్టుకగా, మానెడును మాడటంగా విన్నారు. మాస్టారి సామెత అలా తయారైంది. అందులో పుబ్బ ముందు రావడానికి కారణం కూడా దొరికింది చూడండి: విత్తనాల సామెతలో పుబ్బే ముందుంది, పోలిక కోసం.

తెలుగు మాస్టారు, తెనాలి:
ఊహ అందంగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ ‘మానెడు’లోని నకారం ఎగిరిపోయి ‘మాడి’ ఎలా అవుతుంది? ఒక్క ఉదాహరణ చూపించండి. రెండు సామెతలూ దేనికది పుట్టి పక్కపక్కన బతికి ఉండవచ్చు కదా?

కరణంగారి మనవరాలు, నంద్యాల:
ధ్వని మారిందని నేను అనలేదు, వినికిడి మారిందన్నాను. పిల్లలు పద్యాలు ఎలా వింటారో మీకు నేను చెప్పాలా మాస్టారూ?

విశ్రాంత వ్యవసాయాధికారి, బాపట్ల:
పాఠం సంగతి పండితులకు వదిలేస్తాను. మానెడు, పుట్టెడు మాట మాత్రం పొలంలో కళ్ళారా చూసినదే. చిక్కుడు, గోగు వంటివి పగటి పొద్దు కుదించుకుపోతే పూతకు వస్తాయి. ముందు చల్లిన మొక్క కొమ్మలు వేసి, ఒళ్ళు చేసి పూస్తుంది. ఆలస్యంగా చల్లినది జానెడు ఎదిగేసరికే పూత తరుముకొస్తుంది. అక్కడ గింజలు ఎన్ని చల్లితే మాత్రం ఏమిటి?

హ్యూస్టన్ అమ్మాయీ, మీది దాదాపు 30 డిగ్రీల అక్షాంశం. జూన్‌లో మీకు పగలు 14 గంటలు, మాకు 13. చిక్కుడు తీగ ఎండాకాలమంతా కంచె ఎక్కి ఆకులే వేస్తే కంగారు పడవద్దు, అక్టోబరులో పూస్తుంది. టమాటా సంగతి వేరు. రాత్రి వేడి 24 దాటితే పూత రాలుతుంది. నారుకు మధ్యాహ్నం నీడ పట్టండి, మొదలు దగ్గర నీళ్ళు నిలవనివ్వకండి, మడి ఎత్తు చేయండి.

పెరటి తోట, హ్యూస్టన్:
బాబాయిగారూ, మా కంచె మీద చిక్కుడు సరిగ్గా అలాగే ఉంది! పీకేద్దామనుకున్నాను, ఉంచుతాను.

గద్వాలవారు అన్నది ఈ ఊళ్ళో అక్షరాలా జరిగింది: మఖలో నాటింది పుబ్బ మొహం చూడలేదు. అలాగని మఖ అంటే ఎండే అనుకుందామా? 2017లో హార్వీ తుపాను ఆగస్టు 25 రాత్రి తీరం దాటింది. తరువాతి నాలుగు రోజుల్లో నగరం చుట్టుపక్కల కొన్నిచోట్ల వెయ్యి మిల్లీమీటర్లకు మించి కురిసింది. అదీ మఖే.

పంచాంగం, గద్వాల:
కార్తె సూర్యుడిది, హ్యూస్టన్‌కైనా గద్వాలకైనా తేదీ ఒకటే. వాన మాత్రం ఏ నేలది ఆ నేలకే. పైగా కార్తెలు ఋతువులతో పోలిస్తే 72 ఏళ్ళకు ఒక రోజు చొప్పున ఆలస్యమవుతున్నాయి. రాయల కాలంలో మఖ ఇప్పటికంటే వారం ముందు వచ్చేది. సామెతను ఈనాటి తేదీతో తూచేటప్పుడు ఆ వారం కూడా కలుపుకోవాలి.

తెలుగు మాస్టారు, తెనాలి:
రాయల పేరు ఎత్తాక నేను ఊరుకోలేను. ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసంలో వాన కురిసినట్టు తెలుగులో మరెక్కడా కురవలేదు. నిప్పు కోసం ఆడవాళ్ళు ఇల్లిల్లూ తిరగడం, తెచ్చిన నిప్పు తడి కట్టెల్లో రాజుకోకపోవడం! ఒక చక్రవర్తి ఆ పొగను ఎక్కడ కూర్చుని చూశాడో! ఇక “గురుగుం జెంచలిఁ దుమ్మి లేఁదగిరిసాకుం…” అని ఎత్తుకుని, వానకు మొలిచిన పిచ్చి ఆకులన్నీ చింతచిగురుతో కలిపి నూనెలో పొరటించి, ఆరికకూడుతో పెట్టాడు. ఆ కూర వాసన పద్యంలోంచి ఇప్పటికీ వస్తుంది.

కరణంగారి మనవరాలు, నంద్యాల:
ఆ పద్యం నాకూ ప్రాణం. కానీ మాస్టారూ, ‘తగిరిస’ అంటే ఏ ఆకు? మా ఊళ్ళో తంటెం అని చూపిస్తారు.

తెలుగు మాస్టారు, తెనాలి:
తంటెమే. తొలకరికి మొలిచినప్పుడు లేతగా కోసుకోవాలి. అందుకే ‘లేఁదగిరిస’ అన్నాడు. ఆ ‘లేఁ’ అనే ఒక్క అక్షరంలో వంటింటి అనుభవమంతా ఉంది. ముదిరితే కంపు.

పెరటి తోట, హ్యూస్టన్:
ఒక్క క్షణం. నారు చచ్చిన మడిలో తనంతట తానే మొలిచిన మొక్క ఒకటుంది. ప్రతి రెమ్మకూ మూడు జతల గుండ్రటి ఆకులు. సాయంత్రం చూస్తే జతలు జతలుగా ముడుచుకుని ఉన్నాయి. కలుపు అనుకుని పీకబోయాను.

విశ్రాంత వ్యవసాయాధికారి, బాపట్ల:
అమెరికా దక్షిణాది పొలాల్లో తంటేనికి దగ్గర చుట్టం ఒకటి కలుపుగా పెరుగుతుంది, చూపుకు రెండూ ఒకటే. పసుపుపచ్చ పువ్వు, కొడవలిలా వంగిన సన్నని పొడుగాటి కాయ వస్తాయేమో చూడండి. ఏదో తేలేదాకా వండవద్దు.

తెలుగు మాస్టారు, తెనాలి:
ఆకు ఒకటి నలిపి వాసన చూసి చెప్పమ్మా.

పెరటి తోట, హ్యూస్టన్:
ఇక్కడ అర్ధరాత్రి దాటింది, బయట వాన మొదలైంది. తెల్లవారగానే చూసి చెబుతాను.