ఏటేటా వచ్చే ‘ఉత్తమ రెస్టారెంట్ల’ పట్టికలో వరుస సంఖ్యలకు అర్థం ఉందా?

ప్రశ్న: నెల్లూరు నుంచి

అందరికీ నమస్కారం. బ్రిటన్‌కు చెందిన ‘రెస్టారెంట్’ అనే పత్రిక 2002లో మొదలుపెట్టిన ‘వరల్డ్స్ 50 బెస్ట్ రెస్టారెంట్స్’ పట్టిక గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆ దారిలోనే మన దేశపు పత్రికలు కొన్ని తమ సొంత పట్టికలు వేస్తున్నాయి. వాటిలో ముంబయి, ఢిల్లీ, బెంగళూరు, చెన్నై, గోవా పేర్లు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి గానీ, నెల్లూరు పేరు గానీ ఒంగోలు పేరు గానీ నా కంటపడలేదు. ఈ విషయం మీద మా బావగారికీ నాకూ ఇంట్లో గట్టి వాదనే జరిగింది. పట్టికలో లేకపోవడమంటే ఆ స్థాయి లేకపోవడమేననీ, మన చేపల పులుసును మనమే మెచ్చుకుంటే చాలదు, పరాయివాళ్లు ఒప్పుకున్నప్పుడే దానికి విలువనీ ఆయన అంటారు. ఇక్కడికి వచ్చి, కూర్చుని, తినని మనిషికి ఇక్కడి వంటను పైనో కిందో పెట్టే అర్హత ఎక్కడిదని నేనంటాను.

నేను తెలుసుకోవాలనుకునేది ఇది. ఇలాంటి పట్టికల్లో స్థానాలను నిజంగా ఎలా నిర్ణయిస్తారు? పన్నెండో స్థానంలో ఉన్నదానికీ ఇరవయ్యో స్థానంలో ఉన్నదానికీ మధ్య తేడా నమ్మదగినదేనా? మన రెండు జిల్లాల భోజనశాలలకు ఇటువంటి పట్టిక ఒకటి ఉంటే మేలు జరుగుతుందా, కీడు జరుగుతుందా? తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

జవాబు: ఒంగోలు నుంచి

నేను గణాంకశాస్త్రం బోధిస్తాను గనుక, మీ ప్రశ్నలో లెక్కకు సంబంధించిన భాగాన్ని నేను తీసుకుంటాను.

మీరు చెప్పిన పట్టికకు తనిఖీదారులు లేరు. ప్రపంచాన్ని కొన్ని ప్రాంతాలుగా విభజించి, వంట నిపుణులు, రెస్టారెంట్ల యజమానులు, ఆహారం గురించి రాసే పాత్రికేయులు, మంచి తిండి కోసం దేశదేశాలు తిరిగేవారు, అందరినీ కలిపి వెయ్యిమందికి పైగా సభ్యులను ఎంపిక చేస్తారు. ఒక్కొక్కరికి పది ఓట్లు ఉంటాయి. ఓటు వేసే చోట గడిచిన పద్దెనిమిది నెలల్లో తిని ఉండాలి, అందులో తమకు ఆర్థిక ప్రయోజనం ఉండకూడదు. రుచికి ఇన్ని మార్కులు, వడ్డనకు ఇన్ని మార్కులు అనే కొలమానం లేదు. ఎవరికి నచ్చినదానికి వారు ఓటు వేస్తారు, ఆ ఓట్లను కూడితే పట్టిక తయారవుతుంది.

ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉంది, దాన్ని జాగ్రత్తగా గమనించండి. ఒక చోటికి ఐదుగురు సభ్యులే వెళ్లి, ఐదుగురూ జీవితంలో ఇంత మంచి భోజనం చేయలేదని ఓటు వేస్తే వచ్చేవి ఐదు ఓట్లు. మూడు వందలమంది వెళ్లిన చోట అరవైమందికి మాత్రమే నచ్చినా వచ్చేవి అరవై. రెండో చోటు మొదటిదాన్ని ఎక్కడో వెనక వదిలేస్తుంది. అంటే ఈ పట్టిక వంటతో పాటు విమానాల దారులను కూడా కొలుస్తోంది. నెల్లూరు పేరు లేకపోవడానికి స్థాయి లేకపోవడమే కారణమని మీ బావగారు అనడానికి ఈ లెక్కలో ఆధారం ఏమీ దొరకదు. అలాగని స్థాయి ఉందని మీరు నిరూపించడానికీ దొరకదు.

పన్నెండు, ఇరవై మధ్య తేడా సంగతికి వస్తే, ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయో ప్రచురించకుండా వరుస సంఖ్యలు మాత్రమే ఇచ్చినప్పుడు, ఆ తేడా రెండు ఓట్లదో రెండు వందల ఓట్లదో పాఠకుడికి తెలిసే మార్గమే లేదు. పైగా 2019 నుంచి ఒక కొత్త నియమం అమలులో ఉంది. ఒకసారి మొదటి స్థానం పొందిన రెస్టారెంటును ‘బెస్ట్ ఆఫ్ ద బెస్ట్’ అనే వేరే జాబితాలోకి పంపి, ఆ తరువాత పోటీకి అనుమతించరు. కాబట్టి 2024లో బార్సిలోనాలోని డిస్‌ఫ్రూటార్‌కు, 2025లో పెరూ రాజధాని లిమాలోని మైడోకు దక్కిన మొదటి స్థానాన్ని ‘ఇంతకు ముందు గెలిచినవాటిని పక్కన పెట్టగా మొదటిది’ అని చదువుకోవాలి. శీర్షికల్లో ఆ మాట కనిపించదు, అది నాకు చాలా బాధ కలిగించే విషయం.

అభ్యంతరాలు కొత్తవి కావు. 2015లో ఫ్రాన్స్‌లో కొందరు ‘ఆక్యుపై 50 బెస్ట్’ పేరుతో సంతకాలు సేకరించారు. బిల్లు కట్టకుండా అతిథిగా తిన్నవారు కూడా ఓటు వేసే వీలు ఉండటం వారి ఫిర్యాదుల్లో ఒకటి. టైర్ల కంపెనీ అయిన మిషెలిన్ 1900లో మొదలుపెట్టి, 1926 నుంచి నక్షత్రాలు ఇస్తున్న గైడ్ వేరే దారిలో నడుస్తుంది. అక్కడ జీతం తీసుకునే తనిఖీదారులు పేరు చెప్పకుండా వెళ్లి, తిని, బిల్లు కడతారు. ఒకే నక్షత్రం ఉన్న రెస్టారెంట్లలో ఇది ముందు, అది వెనక అనే వరుస ఉండదు. నా దృష్టిలో అదే సరైన పద్ధతి. అయితే ఆ గైడ్ మన దేశంలోకి ఇంకా రాలేదు.

జవాబు: కావలి నుంచి

ఒంగోలు వారు చెప్పిన లెక్కలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ రహదారి పక్కన భోజనశాల నడిపేవాణ్ణిగా నేను మరో వైపు నుంచి మాట్లాడాలి.

మా వైపు హోటళ్ల బోర్డు మీద యజమాని పేరో, దేవుడి పేరో, ఊరి పేరో ఉంటుంది. వంట మాస్టరు పేరు అక్కడ రోజూ తినేవారికి కూడా తెలియదు. మాస్టరు మానేసి పక్క ఊరికి వెళితే రుచి ఆయనతోనే వెళ్లిపోతుంది, అది ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. ఇటువంటి పట్టికలు ఎన్ని తప్పులతో కూడుకున్నవైనా, వంట చేసిన మనిషిని వంటగదిలోనుంచి బయటికి తెచ్చి పేరు పెట్టి పిలిచాయి. బ్యాంకాక్‌లో వీధి పక్కన బొగ్గు పొయ్యి మీద పీతల ఆమ్లెట్ వేసే జే ఫై అనే పెద్దావిడకు మిషెలిన్ నక్షత్రం వచ్చినప్పుడు, కళ్లకు అద్దాలు కట్టుకుని మంట ముందు నిలబడిన ఆమె ముఖాన్ని ప్రపంచమంతా చూసింది. అటువంటి గౌరవం మా మాస్టర్లలో ఒక్కరికి దక్కినా, వాళ్ల పిల్లలు ఈ పనిలోకి రావడానికి సిగ్గుపడరు. ఇప్పుడు రావడం లేదు.

లిమా సంగతి కూడా ఆలోచించండి. 2023లో మొదటి స్థానం పొందిన సెంట్రాల్ అదే ఊరిది. సముద్రమట్టం నుంచి ఆండీస్ కొండల దాకా ఏ ఎత్తులో ఏది పండుతుందో, ఏది దొరుకుతుందో చూసి, ఆ వరుసలో వడ్డించడం అక్కడి ప్రత్యేకత. అది చదివినప్పుడు నాకు మన నేలే గుర్తుకు వచ్చింది. మనకు తీరంలో వంజరం, చందువ ఉన్నాయి, పెన్నా కింద మాగాణిలో వరి ఉంది, మెట్టలో సజ్జలు, జొన్నలు ఉన్నాయి, ఆ పైన ఉదయగిరి కొండలు ఉన్నాయి. ఇవన్నీ ఒక్క పూట ప్రయాణంలో చూడవచ్చు. వీటిని ఒకే విస్తరిలో వరుసగా వడ్డించాలని మనలో ఎవరికైనా తోచిందా? పెద్ద రొయ్యలు చెరువు గట్టు మీదే తూకం అయిపోయి ఎగుమతికి వెళ్లిపోతాయి, మాకు చిన్నవి మిగులుతాయి. ఆ చిన్న రొయ్యలతో గోంగూర ఎలా వండాలో మా మాస్టరుకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. కానీ ఆ సంగతి రాసే పత్రిక ఏదీ లేదు.

కాబట్టి పట్టిక వద్దనకండి. పట్టిక తప్పుగా ఉంటే సరిచేయించాలి.

జవాబు: నెల్లూరు, మూలాపేట నుంచి

నేను హోటలు నడపలేదు, శాస్త్రం చదవలేదు. ఇంట్లో ఏళ్ల తరబడి పులుసు కాచినదాన్ని. ఇక్కడ అందరూ ఓట్ల గురించి మాట్లాడుతున్నారు, చేప గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

పులుసు దాకలో ఉడుకుతున్నప్పుడు గరిటె పెట్టి కలిపితే ముక్క విరిగిపోతుంది. అందుకని దాకను రెండు వైపులా గుడ్డతో పట్టుకుని మెల్లగా చుట్టూ తిప్పుతాము. మామిడి ముక్క మెత్తబడాలి గానీ కరిగిపోకూడదు. మెంతులు, జీలకర్ర, ధనియాలు వేయించి దంచిన పొడి చివర్లో చల్లి, నూనె అంచుల వెంట తేలిన తరువాత దించుతాము. దించిన వెంటనే వడ్డిస్తే పులుపు ఒకచోట, కారం ఒకచోట, చేప ఒకచోట ఉంటాయి. రాత్రి కాచినదాన్ని మర్నాడు తింటే అప్పుడు అది నెల్లూరు పులుసు. మరి పట్టికకు ఓటు వేసే పెద్దమనిషి ఒక మధ్యాహ్నం కారు దిగి, ఆ పూటే కాచిన పులుసు తిని వెళ్లిపోతే, ఆయన దేనికి మార్కులు వేసినట్టు?

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, చేపలు గుడ్లు పెట్టే కాలమని, మర పడవల వేటను ప్రభుత్వం నిషేధిస్తుంది. పుల్లటి పచ్చి మామిడి బాగా దొరికే రోజులు కూడా దాదాపు అవే. మామిడి బాగున్నప్పుడు సముద్రపు చేప ఐసులో నిలవ ఉన్నదో, దూరం నుంచి వచ్చినదో అవుతుంది. వేట మళ్లీ మొదలయ్యేసరికి మామిడి పండిపోతుంది. రెండూ చక్కగా కలిసేది మార్చి నుంచి ఏప్రిల్ సగం వరకే. ఆ తరువాత తెలివైన మాస్టరు మంచినీటి చేపలోకి, అంటే కొరమీనులోకో బొమ్మిడాయిల్లోకో దిగిపోతాడు. ఒకే భోజనశాల మార్చిలో మొదటి స్థానానికి తగినది కావచ్చు, మే నెలలో సాధారణంగా ఉండవచ్చు. అది ఆ భోజనశాల తప్పు కాదు. ఏడాది మొత్తానికి ఒకే అంకె అంటించే పట్టికలో దీనికి చోటు ఎక్కడ ఉంది? రొట్టెల పండుగ రోజుల్లో వచ్చి, జనం ఒత్తిడిలో తిని, బాగాలేదని రాసినా అదే అన్యాయం.

నన్ను అడిగితే భోజనశాలలకు అంకెలు వద్దు. వంటకం పేరు, నెల పేరు, ఊరి పేరు రాయండి. ‘ఈ నెలలో ఫలానా చోట బొమ్మిడాయిల పులుసు’ అని ఒక్క ముక్క రాస్తే చదివినవారు బయలుదేరి వెళతారు. సాయంత్రం బండి మీద వేసే కారం దోసెకు కూడా ఆ వరుసలో చోటు ఉంటుంది. పెద్ద పట్టికల్లో దానికి ఎప్పటికీ ఉండదు.

మళ్లీ ప్రశ్న అడిగినవారు

మూలాపేట అమ్మగారు వేట నిషేధానికీ మామిడికీ ఉన్న సంబంధం చెప్పిన తరువాత, మా బావగారికి అదంతా చదివి వినిపించాను. ఆయన వాదన పూర్తిగా మానలేదు గానీ, ఏ నెలలో తిన్నారో చెప్పని తీర్పును తాను కూడా నమ్మనన్నారు. నెలవారీగా, వంటకం వారీగా రాసే పని మేమిద్దరం మొదలుపెట్టాలనుకుంటున్నాము. కావలి వారిని ఒక్క మాట అడుగుతాను: చిన్న భోజనశాలల పేర్లు ఇలా బయటపెడితే వారికి ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

జవాబు: కావలి నుంచి

ఉంటుంది, అందుకే ముందు యజమానిని అడగండి. మధ్యాహ్నం రెండు గంటలకల్లా అన్నం అయిపోయే చోటికి ఒక్కసారిగా కార్లు వచ్చి ఆగితే, రోజూ వచ్చే లారీ డ్రైవర్లకు, కూలీలకు కూర్చునే చోటు దొరకదు. యజమాని బల్లలు పెంచుతాడు, ఆ తరువాత ధర పెంచుతాడు. సింగపూర్‌లో సోయా సాస్ కోడికూర, అన్నం అమ్మే ఒక చిన్న అంగడికి 2016లో మిషెలిన్ నక్షత్రం వచ్చింది. ఆ తరువాత శాఖలు పెరిగాయి, 2021లో నక్షత్రం పోయింది. శాఖలు పెరగడం వల్లనే పోయిందని నేను అనను. కానీ ఒక చేతి వంట పది చోట్లకు వెళ్లినప్పుడు అలాగే ఉంటుందని ఆశించడం కష్టమని ఈ వృత్తిలో ఉన్న అందరికీ తెలుసు.

యజమాని ఒప్పుకుంటే రాయండి. ధర రాయండి, ఏ పూట వెళ్లాలో రాయండి, ఎన్ని గంటలకు అయిపోతుందో రాయండి. ఒప్పుకుంటే వంట మాస్టరు పేరు కూడా రాయండి. మా భోజనశాలను మాత్రం ఇందులో చేర్చకండి, నేను ఈ చర్చలో పాల్గొన్నాను గనుక అది న్యాయం కాదు.

జవాబు: ఒంగోలు నుంచి

కావలి వారు చెప్పినదానికి మరొకటి చేర్చండి. ప్రతి వాక్యం పక్కన ఎంతమంది తిన్నారో, ఏ తేదీల్లో తిన్నారో, బిల్లు ఎవరు కట్టారో వేయండి. ఒక్కరే ఒక్కసారి తిన్నదైతే ఆ మాటే రాయండి. ఒంగోలు వైపు తినడానికి మనిషి కావాలంటే నేను వస్తాను, నా బిల్లు నేనే కట్టుకుంటాను.