కొండ చెరువు ట్రౌట్: వండుకోవాలా, వదిలేయాలా?

గోదారిగట్టు:
పోయిన వారం అసింట్ వెళ్ళొచ్చామండి. స్కాట్లండ్ వాయవ్య మూల, లాకిన్వర్ దగ్గర. కారాపి ముప్పావుగంట బురదలో నడిస్తే సూల్వెన్ కొండకి ఎదురుగా చెరువు. పీట్ నేల కదా, అంటే కుళ్ళిన నాచూ మొక్కలూ పేరుకున్న నేల, నీళ్ళు అచ్చం కాఫీ డికాక్షనే. మూడు ఫ్లైలు, అదే ఈకలతో పురుగులా చుట్టిన గాలాలు, కట్టి గాలివాలుకి విసిరి, చివర్లో రాడ్ ఎత్తి పై ఫ్లైని నీటి మీద గీరుతూ తెస్తున్నాను. ఇక తీసేద్దాం అనుకునేసరికి టప్పుమని అందుకుంది. బ్రౌన్ ట్రౌట్. జానెడుకి కాస్త ఎక్కువ. పొట్ట వెన్నముద్ద పసుపు, ఒంటి మీద ఎర్ర చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ తెల్ల సున్నా. మొత్తం అయిదు పడ్డాయి. రెండు వదిలి, మూడు తెచ్చి అద్దె ఇంట్లో పులుసు పెట్టాం. ఫొటో పంపితే మన గ్రూపులో ఒకాయన ఛీ అన్నాడు. పర్మిట్ కొన్నాను. ట్రౌట్ సీజన్ మార్చి 15 నుంచి అక్టోబర్ 6 దాకా, నేను వెళ్ళింది జూన్‌లో. తప్పెక్కడో చెప్పండి.

ఫ్లైపెట్టె_శీను:
ఆ ఒకాయన నేనే బాబాయ్. ఛీ అనలేదు, అయ్యో అన్నాను. అది పెంపకం చేప కాదు. ఆ చలి నీళ్ళలో పురుగూ పుట్రా తిని జానెడు అవడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. మీకు ఒక్క పూట పులుసు. సరే, ఆ వదిలిన రెండూ ఎలా వదిలారు? చెయ్యి తడుపుకున్నారా? గాలం కొసన వెనక్కి తిరిగి ఉండే ముల్లు, సులువుగా ఊడేలా ముందే నొక్కేశారా?

చింతపండు:
ట్రౌట్‌కి పులుసేంటండీ, ముక్క విడిపోద్ది. వేపుడే.

గోదారిగట్టు:
విడిపోదు. పులుసు బాగా మరిగాక ముక్కలు వేసి, గరిట పెట్టకుండా గిన్నె తిప్పాలి. మా అమ్మ అంతే చేసేది. శీనూ, ముల్లు నొక్కలేదు. మూడు చేపల గురించి అడిగితే రెంటి గురించి విచారణ పెట్టావు!

ఫ్లైపెట్టె_శీను:
విచారణ కాదు. పొడి చేత్తో పడితే ఒంటి మీది జిగురు పొర పోతుంది, తర్వాత బూజు పట్టి చస్తుంది. అంటే మీ లెక్క మూడు కాదు, అయిదు కావచ్చు.

కొండగాలి:
ఇద్దరూ చెరువు సంగతే ఎత్తడం లేదు. అసింట్‌లో చెరువులు వందల్లో ఉన్నాయి. చాలావాటిలో నీళ్ళు ఆమ్లగుణం, మేత తక్కువ. కానీ వచ్చి కలిసే వాగుల్లో గులకరాళ్ళకి లోటు లేదు. శరదృతువులో ట్రౌట్ అక్కడికెక్కి గుడ్లు పెడుతుంది. తిండి తక్కువ, నోళ్ళు ఎక్కువ, అందుకే అన్నీ జానెడు దగ్గరే ఆగిపోతాయి. అలాంటి చోట నాలుగు తీస్తే చెరువుకి నష్టం లేదు. ఉత్తర తీరంలో డర్నెస్ దగ్గర సున్నపురాయి చెరువులు చూడండి. నీళ్ళు అద్దం, మేత పుష్కలం, చేపలు తక్కువే అయినా పెద్దవి. అక్కడ ఒక్కటి తీసినా తేడా తెలుస్తుంది. 2002లో లాక్ ఆ అనే పెద్ద సరస్సులో 31 పౌన్ల 12 ఔన్సుల ట్రౌట్ పడింది, అదీ ఈ జాతే. ఇంకోటి, అడవి చేప అంటున్నాం గానీ చాలా కొండ చెరువుల్లోకి వాటిని ఒకప్పుడు మనుషులే మోసుకెళ్ళి వదిలారు.

చింతపండు:
తల పులుసులో వేశారా, పారేశారా?

తులసివనం:
నేను శాకాహారిని, అయినా ఒక మాట. ఆకలికి పట్టడం అర్థమవుతుంది. మూతికి ఇనుము గుచ్చి, ఆడించి, ఫొటో తీసుకుని, పోనీలే అని వదలడం ఏ జాతి దయ? జర్మనీలో వదిలేసే ఉద్దేశంతో చేపని పట్టడమే జంతు సంరక్షణ చట్టానికి విరుద్ధం.

గోదారిగట్టు:
బాగా అడిగారమ్మా. మా గట్టు మీద వల వేసినవాడు చేపతో ఆడుకోలేదు. ఈ వదిలే సరదా కడుపు నిండిన దొరలది. మావాడు ఎడిన్‌బరాలో పదేళ్ళుండి దొరైపోయాడు.

ఫ్లైపెట్టె_శీను:
దొరనా? పోయిన ఏడు జరిగింది చెప్తా వినండి. గట్టు మీద ఒక్కణ్ణే కూర్చుని పులిహోర తింటున్నాను. ఎవడో ముసలాయన వచ్చి, పలకరింపు కూడా లేకుండా నా సంచి మూత తీసి లోపలికి చూశాడు. మీవాళ్ళు దొరికినవన్నీ పట్టుకుపోతారటగా అన్నాడు. నా దగ్గర ఒక్క చేప లేదు. పక్కనే ఇంకో ఇద్దరున్నారు, వాళ్ళ సంచి ఎవడూ తియ్యలేదు. మీరు ఫొటో పెట్టి మూడు అంటారు, ఆ మూడూ నా సంచిలో వెతుకుతారు. అందుకే అయ్యో అన్నాను.

కొండగాలి:
ఇది ముందే చెప్పుంటే ఇంత దూరం వచ్చేది కాదు.

గోదారిగట్టు:
అది వాడి కుసంస్కారం శీనూ. దానికి నేనెందుకు చేప వదలాలి? వాళ్ళ తాతలూ ఇవే ఓట్ పిండిలో దొర్లించి వేయించుకు తిన్నారు. నేను వదిలితే వాడు నీ సంచి తియ్యడా? తీస్తాడు. అప్పుడు నీ పులిహోర మీద కూడా ఏదో అంటాడు.

ఫ్లైపెట్టె_శీను:
అనొచ్చు. కానీ అక్కడ నిలబడింది నేను, మీరు కాదు.

గోదారిగట్టు:
నిజమే. దొర అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. చేపల మాట మాత్రం తీసుకోను.

చింతపండు:
తల సంగతి ఎవరూ చెప్పలేదు.

గోదారిగట్టు:
తలలు వేశామండి. రుచంతా వాటిలోనే ఉంది.

ఫ్లైపెట్టె_శీను:
ఇంతకీ ఏ ఫ్లైకి పడ్డాయి బాబాయ్?

గోదారిగట్టు:
నాలుగు బిబియోకి, ఒకటి బ్లాక్ పెనెల్‌కి. ఈసారి ముల్లు నొక్కి కడతాలే. చెరువు పేరు మాత్రం అడక్కు.