ఉబుంటు 24.04లో కోరల్ ఎం.2 కార్డుకు డ్రైవర్ ఎక్కడం లేదు

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఇంటి చుట్టూ ఉన్న కెమెరాల వీడియోలో మనుషులను, వాహనాలను గుర్తించే భారం ప్రాసెసర్‌పై పడకుండా చూడాలని ఒక మినీ పీసీలో కోరల్ ఎం.2 కార్డు (గూగుల్ తెచ్చిన ఏఐ లెక్కల చిప్పు ఉన్న చిన్న కార్డు) బిగించాను. ఉబుంటు కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) 6.8. తగిలించిన పరికరాలను చూపే ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్ జాబితాలో కార్డు గ్లోబల్ యూనిచిప్ అనే పేరుతో కనిపిస్తోంది. కానీ దాని డ్రైవర్ ఉన్న గ్యాస్కెట్-డీకేఎంఎస్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేస్తే మధ్యలోనే ఎర్రర్ వచ్చి ఆగిపోతోంది, డెవ్ డైరెక్టరీలో కార్డును సూచించే ఏపెక్స్_0 ఫైలు రావడం లేదు. కార్డు వాపసు ఇవ్వడానికి గడువు దగ్గరపడింది. ఇచ్చేయమంటారా?

మొదటి జవాబు:
ఇవ్వకండి. ఎల్‌ఎస్‌పీసీఐలో కనబడిందంటే స్లాటు కార్డును గుర్తించినట్టే, పేచీ అంతా డ్రైవర్ దగ్గరే ఉంది. డీకేఎంఎస్ డ్రైవర్ సోర్సును మీ కెర్నల్‌కు తగినట్టు మీ కంప్యూటర్‌లోనే కంపైల్ చేస్తుంది కాబట్టి, కెర్నల్ లోపలి ఫంక్షన్లు మారినప్పుడు పాత సోర్సు అక్కడే తట్టుకుంటుంది. వార్ లోపల లిబ్, దాని లోపల డీకేఎంఎస్ అనే డైరెక్టరీ కింద మేక్.లాగ్ (కంపైల్ వివరాల ఫైలు) ఉంటుంది, తెరిచి చూడండి. క్లాస్_క్రియేట్ ఫంక్షన్‌కు ఆర్గ్యుమెంట్లు (దానికి పంపే విలువలు) ఎక్కువయ్యాయని అందులో కనిపించాలి, ఎందుకంటే 6.4 కెర్నల్ నుంచి ఆ ఫంక్షన్ ఒకే ఆర్గ్యుమెంటు తీసుకుంటుంది, పాత డ్రైవర్ రెండు పంపుతుంది. 6.8లో ఈవెంట్‌ఎఫ్‌డీ_సిగ్నల్‌కూ ఇదే గతి పట్టింది. పాత ప్యాకేజీని పూర్తిగా తీసేసి, ఈ రెండు మార్పులూ చేసిన సోర్సును గిట్‌హబ్ నుంచి తెచ్చుకుని, మీ కెర్నల్ హెడర్లు (కంపైల్‌కు కావలసిన ఫైళ్లు) ఉన్నాయని చూసుకున్నాక ప్యాకేజీ మళ్లీ కట్టండి.

ప్రశ్న అడిగినవారు:
లాగ్‌లో మీరు చెప్పినట్టే ఉందండి. ఇప్పుడు కంపైల్ అయింది, కానీ మోడ్‌ప్రోబ్ కమాండ్‌తో ఏపెక్స్ అనే డ్రైవర్ మాడ్యూల్‌ను కెర్నల్‌లోకి లోడ్ చేయబోతే కీ తిరస్కరించినట్టు సందేశం వస్తోంది.

రెండో జవాబు:
అది సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే రక్షణ) పని. సంతకం లేని మాడ్యూల్‌నే కాదు, తనకు తెలియని కీతో సంతకం చేసిన మాడ్యూల్‌నూ కెర్నల్ లోపలికి రానివ్వదు. బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపేయమని చాలామంది చెబుతారు గానీ, రాత్రింబవళ్లు నడిచే కంప్యూటర్‌కు అది నాకు నచ్చని సలహా. ఉబుంటులో డీకేఎంఎస్ తయారుచేసుకున్న కీని మోక్‌యుటిల్ కమాండ్‌తో ఇంపోర్ట్ చేసి, అది అడిగినప్పుడు తాత్కాలికంగా ఒక పాస్‌వర్డ్ పెట్టి రీబూట్ చేయండి. ఉబుంటు మొదలవకముందే నీలం తెర వస్తుంది, అందులో ఎన్‌రోల్ మోక్ (ఆ కీని నమోదు చేసే ఎంపిక) ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ తెర కొన్ని సెకన్లే ఆగుతుంది, మీరు ఏ కీ నొక్కకపోతే బూట్ యథావిధిగా సాగిపోతుంది. కాబట్టి దూరం నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో కాకుండా మానిటర్, కీబోర్డు తగిలించుకుని కూర్చోండి.

మూడో జవాబు:
ఏపెక్స్_0 వచ్చాక కూడా అనుమతి లేదని ప్రోగ్రామ్ మొరాయిస్తే, ఏపెక్స్ అనే గ్రూపు సృష్టించి, దానికి యూడెవ్ రూల్ (పరికరాన్ని ఎవరు వాడవచ్చో చెప్పే నియమం) రాసి, మీ యూజర్‌ను అందులో చేర్చండి. మీది రెండు చిప్పుల కార్డయితే ఒకటే కనిపించినా కంగారు పడకండి. దానికి రెండు పీసీఐఈ లేన్లు (డేటా దారులు) కావాలి, చాలా మదర్‌బోర్డుల్లో అది పట్టే ఈ-కీ రకం ఎం.2 స్లాటులో ఒకటే ఉంటుంది. కార్డుకు ఫ్యాన్ ఉండదు కనుక, సిస్, క్లాస్, ఏపెక్స్, ఏపెక్స్_0 వరుసలో ఉన్న టెంప్ ఫైలును అప్పుడప్పుడు చదవండి. అక్కడ 54300 అని ఉంటే 54.3 డిగ్రీల సెల్సియస్ అన్నమాట.