చెల్లికి ఓవరీలో గడ్డ, 17 ఏళ్ళు. ఆపరేషన్‌కి ముందు ఏం అడగాలి?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)
నాన్న లేరు, ఆస్పత్రి తిరుగుళ్ళన్నీ నావే. చెల్లి ప్లస్ టూ చదువుతోంది. పొట్ట ఉబ్బుతుంటే గ్యాసనుకుని వాము నీళ్ళు పట్టాం. స్కాన్‌లో కుడి ఓవరీలో 14 సెంటీమీటర్ల గడ్డ ఉందని, లోపల గట్టి భాగం కనిపిస్తోందని తేలింది. చూసిన డాక్టరు, "రెండూ తీసేస్తే బెంగుండదు" అన్నారు. అప్పట్నించి అమ్మ అన్నం ముట్టలేదు. ఒక్కటైనా మిగిల్చే దారి లేదా?

జవాబు (గుణుపురం)
చెల్లెమ్మా, నాకు 18వ ఏట ఎడమవైపు వచ్చింది, డిస్‌జెర్మినోమా అనే ఓవరీ క్యాన్సర్. ఆ ఓవరీ, దాని ట్యూబు మాత్రమే తీశారు. తర్వాత మూడు విడతలు బీఈపీ కీమో, అంటే మూడు మందులు కలిపి ఇచ్చేది. జుట్టంతా రాలింది, నెలసరి ఆగింది, అయిదు నెలలకి మళ్ళీ వచ్చింది. ఇప్పుడు మా బాబుకి మూడేళ్ళు. ఒక్క ఓవరీ ఉన్నా నెలసరి వస్తుంది, కడుపు పండుతుంది.

అమ్మ సంతకం పెట్టే కాగితం ఒడియాలో ఉంటే చదివించుకోండి. "రెండో ఓవరీ, గర్భసంచి బాగుంటే ఉంచాలి" అని రాయించాకే సంతకం.

జవాబు (బరంపురం, గైనిక్ వార్డు నర్సు)
ముందు గడ్డ ఏ రకమో అంచనా వేసే రక్తపరీక్షలు అడగమ్మా: ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్, సీఏ 125. ఈ వయసులో క్యాన్సరైనా ఎక్కువగా జెర్మ్ సెల్ రకమే, అంటే అండాలయ్యే కణాల్లో పుట్టేది. అది కీమోకి బాగా లొంగుతుంది, అందుకే బాగున్న రెండో ఓవరీ జోలికి పోరు. డెర్మాయిడ్ అనే, క్యాన్సర్ కాని మామూలు గడ్డైతే చాలాసార్లు గడ్డ ఒక్కటే ఒలిచి తీస్తారు.

సూదితో నీరు లాగుతామంటే మాత్రం ఒప్పుకోకండి. క్యాన్సర్ గడ్డ పగిలితే కణాలు కడుపులో చిందుతాయి. తర్వాత పిల్లల కోసం అండాలు ఫ్రీజ్ చేసి దాచడానికి సుమారు రెండు వారాలు పడుతుంది, అంత వ్యవధి ఉందో లేదో క్యాన్సర్ సర్జన్నే అడగండి. ఉన్నట్టుండి విపరీతమైన నొప్పి, వాంతులు వస్తే ఓవరీ మెలి పడిందేమో, ఆ రాత్రే తీసుకెళ్ళాలి.

అడిగినావిడ
రేపు తెల్లారే టెక్కలి మీదుగా విశాఖ, అగనంపూడి క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్తున్నాం. ఇంకొక్కటి అప్పా, ముందుముందు పిల్లలు పుట్టే సంగతి చెల్లి ముందే డాక్టర్ని అడగనా, విడిగానా?

జవాబు (గుణుపురం)
దాని ముందే అడుగు. నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టి లోపల మాట్లాడుకున్నారు. తలుపు వెనక ఏమంటున్నారో అని ఆ గంటసేపు నేను ఊహించుకున్నవి, డాక్టరు చెప్పిన అసలు మాటకంటే ఘోరం.