కాంస్యం చేతికందే దూరంలో క్వాడ్ ఆక్సెల్: హన్యూ చేసింది ఒప్పా, తప్పా?

గోదారిగట్టు:
రాత్రి పిల్లాడితో కూర్చుని ఫిగర్ స్కేటర్ (మంచు మీద జారుతూ జంప్‌లు చేసే ఆట) యుజురు హన్యూ పాత వీడియోలు చూశాను. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. జపాన్‌లోని సెండాయ్ కుర్రాడు, చిన్నప్పటి నుంచీ ఆస్తమా. 2011 మార్చి 11 భూకంపమప్పుడు రింక్‌లో ప్రాక్టీసు చేస్తూ, కాళ్లకున్న స్కేట్లు కూడా విప్పకుండా బయటికి పరిగెత్తాడు. 2014 సోచిలో స్వర్ణం, 2018 ప్యాంగ్‌చాంగ్‌లో మళ్లీ స్వర్ణం. పురుషుల సింగిల్స్‌లో వరసగా రెండు ఒలింపిక్స్ గెలవడం, 1948, 1952ల్లో డిక్ బటన్ గెలిచాక మళ్లీ ఇతనే. 2022 బీజింగ్‌లో, అప్పటికి పోటీల్లో ఎవరూ సాధించని నాలుగున్నర చుట్ల జంప్, క్వాడ్ ఆక్సెల్, ఎత్తుకున్నాడు. పడ్డాడు. మొత్తం 283.21, నాలుగో స్థానం. కాంస్యానికి 9.79 తక్కువ. చేయాల్సిందా, వద్దా?

పులిహోర:
చేయాల్సిందే. తర్వాతి ప్రశ్న?

లెక్కలమాష్టారు:
వద్దు. లెక్క చూడండి. క్వాడ్ ఆక్సెల్ విలువ 12.5. చుట్లు పూర్తి కాలేదని 80 శాతానికి కోస్తే 10. పడ్డాడు కాబట్టి జడ్జిలు అందులో సగం కోశారు, మిగిలింది 5. పడ్డందుకు విడిగా ఇంకో పాయింట్ పోయింది. చేతికొచ్చింది 4. దాని బదులు ట్రిపుల్ ఆక్సెల్, అంటే మూడున్నర చుట్లది, చేసుంటే? విలువ 8, అతను చేస్తే 11కి తగ్గదు. అర్ధరాత్రి లేపి చేయమన్నా చేస్తాడు.

విశాఖచక్రాలు:
మాష్టారూ, ఆ ప్రోగ్రాంలో ట్రిపుల్ ఆక్సెల్ అప్పటికే రెండుసార్లు ఉంది. మూడోసారి చేస్తే లెక్కలోకి రాదు. రూల్ తెలుసుకుని లెక్క వేయండి.

లెక్కలమాష్టారు:
సరే, క్వాడ్ లూప్, నాలుగు చుట్ల ఇంకో రకం జంప్. పోటీలో దాన్ని మొట్టమొదట దిగిందే ఇతను, 2016లో. విలువ 10.5, బాగా చేస్తే 14 వస్తుంది. 14లో 4 పోతే 10. 9.79 కంటే ఎక్కువ. కాంస్యం. ఇంకేమైనా ఉందా?

టొరంటో_చలి:
ఆ "బాగా చేస్తే"లోనే ఉందంతా. ఎంత బాగా చేశాడన్నదానికి జడ్జిలు 5కి సగటున 3 పైన వేస్తేనే మీ కాంస్యం.

విశాఖచక్రాలు:
పైగా ముందురోజు ప్రాక్టీసులో అతని కుడి చీలమండ బెణికింది. నొప్పి తెలియకుండా ఇంజెక్షన్లు చేయించుకుని దిగాడు. లూప్‌లో ఎగిరేదీ కుడికాలి మీదే, దిగేదీ కుడికాలి మీదే. ఆక్సెల్ అయితే కనీసం ఎడమకాలి మీద ఎగురుతారు. మీరు చెప్పిన "సేఫ్" జంప్ ఆ కాలికి రెండింతల పని. కాగితం మీద కూడికలు వేసేవాళ్లకి ఇది కనపడదు.

కొత్తగా_వచ్చా:
ఆక్సెల్ అంటే లారీ కింద ఉండేదేనా?

గోదారిగట్టు:
కాదు తమ్ముడూ, మనిషి పేరు. నార్వే ఆయన ఆక్సెల్ పాల్సన్, 1882లో వియన్నాలో చేశాడు. మిగతా జంప్‌లన్నీ వెనక్కి జారుతూ ఎగురుతారు, ఇదొక్కటే ముందుకు చూస్తూ. దిగేది మాత్రం వెనక్కే. అందుకే అర చుట్టు ఎక్కువ.

విశాఖచక్రాలు:
పోటీ రెండు భాగాలు, రెండింటి పాయింట్లూ కలుపుతారు. అసలు పతకం పోయింది ఈ ఆక్సెల్ చేసిన రెండో భాగం, ఫ్రీ స్కేట్‌లో కాదు. రెండు రోజుల ముందు మొదటి భాగం, షార్ట్ ప్రోగ్రాంలో మొదటి జంప్ క్వాడ్ సాల్కావ్, అదీ నాలుగు చుట్లదే. సరిగ్గా ఎగరబోయే చోట మంచులో గుంట ఉంది, బ్లేడ్ అందులో పడింది. జంప్ సింగిలై సున్నా వచ్చింది. 95.15తో ఎనిమిదో స్థానం. ఆ సాల్కావ్ విలువ 9.7. అది శుభ్రంగా దిగుంటే, ఆక్సెల్ పడినా కాంస్యం వచ్చేది. మాష్టారూ, ఈ కూడిక ఎందుకు వేయలేదు?

లెక్కలమాష్టారు:
గుంటా? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది.

విశాఖచక్రాలు:
అతని మాటే అది, బ్లేడ్ గుంటలో చిక్కిందని.

లెక్కలమాష్టారు:
అందరూ స్కేట్ చేసింది ఆ మంచు మీదే కదా. నేథన్ చెన్‌కి గుంట అడ్డు రాలేదే? 332.60తో స్వర్ణం పట్టుకెళ్లాడు.

పులిహోర:
చెన్‌కి మునిసిపాలిటీ వాళ్లు ముందే పూడ్చిపెట్టారేమో.

లెక్కలమాష్టారు:
నవ్వుకోండి. ఇంతా చేసి దక్కిందేమిటి? అదే ఏడాది సెప్టెంబర్‌లో లేక్ ప్లాసిడ్‌లో ఇలియా మాలినిన్, పదిహేడేళ్ల కుర్రాడు, అదే జంప్ శుభ్రంగా దిగాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. పతకమూ లేదు, "మొదటివాడు" అన్న పేరూ లేదు. రెంటికీ చెడ్డ రేవడి.

టొరంటో_చలి:
చుట్లు తక్కువైనా స్కోరు షీట్‌లో క్వాడ్ ఆక్సెల్ అనే రాశారు. అలా రాయించుకున్న మొదటివాడు హన్యూ.

లెక్కలమాష్టారు:
పడ్డదాన్ని ఏ పేరుతో రాస్తే ఏం లాభం?

విశాఖచక్రాలు:
మీకు అర్థం కాదు లెండి. నేను విశాఖలో తొమ్మిదేళ్లు నాలుగు చక్రాల స్కేట్ల మీద ఆర్టిస్టిక్ చేశాను. డబుల్ సాల్కావ్ కోసం ఏడు నెలలు సిమెంటు నేల మీద పడ్డాను. మోకాలి మీద రూపాయి బిళ్లంత నల్లమచ్చ ఇప్పటికీ ఉంది. పోటీ ముందురోజు రాత్రి మా కోచ్ దాన్ని ప్రోగ్రాంలోంచి తీసేశారు. "సింగిల్ చెయ్యి, పతకం ఖాయం" అన్నారు. చేశాను, మూడో స్థానం వచ్చింది. ఆ పతకం ఏ బీరువాలో ఉందో మా అమ్మకి తెలుసు, నాకు తెలీదు. ఆ డబుల్ దిగగలిగేదాన్నో లేదో మాత్రం ముప్ఫై ఎనిమిదేళ్లొచ్చినా తెలీలేదు.

లెక్కలమాష్టారు:
ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. ఆ సర్టిఫికెట్‌తో కాలేజీలో స్పోర్ట్స్ కోటా సీటు వచ్చిందా, లేదా?

విశాఖచక్రాలు:
వచ్చింది. అయితే?

లెక్కలమాష్టారు:
ఏం లేదు. సీటు తీసుకుని కోచ్‌ని తిట్టడం బాగుంది.

విశాఖచక్రాలు:
మాటలు జాగ్రత్త. మిమ్మల్ని ఇంతవరకు "మాష్టారూ" అన్నాను. హన్యూ ఎవరో నిన్నటిదాకా పట్టించుకోని మనిషి అతని కాంస్యం కోసం ఇంత రాత్రి ఇంత ఆవేశపడుతున్నారంటే, ఇది అతని మీద కోపం కాదు. ఎవరి మీదో చెప్పి వాదించండి.

గోదారిగట్టు:
ఇద్దరూ కాస్త ఆగండి.

లెక్కలమాష్టారు:
చెప్తాను, దాచేదేముంది. మా తమ్ముడు. ఎన్‌ఐటీలో సీటొచ్చింది. ఐఐటీ తప్ప ఏదీ వద్దన్నాడు. ఇంట్లో అందరం కాళ్లావేళ్లా పడ్డాం. లాంగ్‌టర్మ్ ఒక ఏడాది, తర్వాత ఇంకో ఏడాది. నాన్న ఎకరంన్నర అమ్మారు. బోరున్న చెక్క అది. ర్యాంకు రాలేదు. "ప్రయత్నించాను కదా అన్నయ్యా" అన్నాడు, ఇప్పుడు మీరంతా హన్యూ గురించి అంటున్నట్టే. ఆ మాట వినలేను. ప్రయత్నం వాడిది, చెక్క నాన్నది.

పులిహోర:
...

టొరంటో_చలి:
హన్యూది వేరు కదండీ. చేతిలో రెండు స్వర్ణాలు పెట్టుకుని చేశాడు. ఆ కాంస్యం పోయిందీ ఇంకో దేశానికి కాదు, ఉనోకి. అతనూ జపానే. రజతం కగియామాది, అతనూ జపానే. దేశానికి పైసా నష్టం లేదు.

లెక్కలమాష్టారు:
నేనూ అదే అంటున్నాను. రెండు స్వర్ణాలున్నవాడికి అది చెల్లుతుంది. వాడిని చూసి మా తమ్ముడిలాంటివాళ్లు చేస్తే చెల్లదు.

విశాఖచక్రాలు:
ఇందాకటిదాకా మీరన్నది అది కాదు. హన్యూనే చేయకూడదన్నారు.

లెక్కలమాష్టారు:
అన్నాను. కాంస్యం విషయంలో ఇప్పటికీ అంటాను.

విశాఖచక్రాలు:
అయితే నా మాటా వినండి. చెల్లే స్థితి వచ్చేదాకా ఆగమంటే మాలాంటివాళ్లకి ఆ రోజు రాదు. హన్యూకి రెండు స్వర్ణాలు వచ్చాయి కాబట్టి ఎవరూ అడ్డుపడలేదు. నా వెనక పదహారేళ్లకి ఒక్క జిల్లా పతకం ఉంది, అందుకే ముందురోజు రాత్రి తీసేశారు. మీ తమ్ముడి సంగతి నాకు తెలీదు. మీ నాన్నగారి పొలం పోవడం మాత్రం బాధగా ఉంది, నిజంగానే.

లెక్కలమాష్టారు:
ఊళ్లో బస్సు దిగితే ఆ చెక్క మీంచే అడ్డదారి. వాడు ఇప్పటికీ చెరువుగట్టు చుట్టూ తిరిగి వస్తాడు. నేనూ ఎప్పుడూ అడగలేదు.

కొత్తగా_వచ్చా:
మరి హన్యూ ఇప్పుడేం చేస్తున్నాడు?

గోదారిగట్టు:
2022 జూలైలో పోటీలు మానేసి ప్రొఫెషనల్ అయ్యాడు. 2023 ఫిబ్రవరిలో టోక్యో డోమ్‌లో ఒక్కడే షో చేస్తే స్టేడియం నిండిపోయింది. జడ్జిలు లేరు, పాయింట్లు లేవు.

పులిహోర:
అంతా బానే ఉంది గానీ, ఆ గుంట సంగతి ఇంకా తేలలేదు.

లెక్కలమాష్టారు:
తేలేదేముంది? గుంట లేదు.

విశాఖచక్రాలు:
ఉంది.