లేపాక్షి నంది దగ్గర నాన్నగారికి వీలుగా ఉంటుందా?

వచ్చే శనివారం బెంగళూరు నుంచి హైదరాబాద్‌కి కారులో వెళ్తున్నాం. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హైవే వదిలి లేపాక్షి వెళ్లాలని నాన్నగారి కోరిక. ఆయనకి డెబ్భై నాలుగేళ్లు, మోకాళ్ల నొప్పులు. పాతికేళ్ల కిందట అమ్మతో కలిసి ఆ ఏకశిలా నంది ముందు తీయించుకున్న ఫొటో ఇప్పటికీ పర్సులోనే ఉంది. అంచులు నలిగిపోయినా, నంది మెడలోని గంటల పేట మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. అమ్మ ఇప్పుడు లేదు.

నంది 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు కదా, రోడ్డు మీంచే కనిపిస్తుందని తెలుసు. కానీ ఆయన దాన్ని చేత్తో తాకేంత దగ్గరికి వెళ్లాలంటున్నారు. కారు ఎంత దగ్గరిదాకా వెళ్తుంది? అక్కడినుంచి మెట్లున్నాయా? చక్రాల కుర్చీ నడుస్తుందా? అసలు తాకనిస్తారా?

వీరభద్రాలయంలో వేలాడే స్తంభం కూడా చూపించాలని ఉంది, అయితే ఎండలో రాతి నేల మీద చెప్పుల్లేకుండా ఆయన నడవలేరు. పొద్దున్న ఎన్నింటికల్లా చేరితే మంచిది? జటాయువు గుట్ట ఎక్కడం పిల్లలకి వదిలేస్తాం.

ఈమధ్య పెద్దవాళ్లని తీసుకెళ్లినవాళ్లు దయచేసి చెప్పండి.