ఇలియోస్టమీ బ్యాగ్ కారి చర్మం కమిలిపోతోంది, ఎవరైనా చెప్పగలరా?

అమ్మకి పేగు ఆపరేషన్‌లో ఇలియోస్టమీ (చిన్నపేగును పొట్ట మీదికి తెచ్చి, మలం బ్యాగ్‌లోకి వచ్చేలా చేసే ఏర్పాటు) పెట్టారు, ఇంట్లో చూసుకునేది నేనే. బ్యాగ్ మార్చడం నర్సుగారు చూపించారు గానీ ఇంటికొచ్చాక వచ్చే అనుమానాలు వేరు. స్టోమా (పొట్ట మీద కనిపించే పేగు మూతి) ఎర్రగా, తడిగానే ఉంది, నల్లబడితే వెంటనే తీసుకురమ్మన్నారని రోజూ చూస్తున్నాను. ఇబ్బందల్లా చుట్టూ ఉన్న చర్మంతోనే. కూర్చున్నప్పుడు పొట్ట మడత పడే చోట బ్యాగ్ అంచు లేచి నీళ్లలాంటి మలం లోపలికి పాకుతోంది, అక్కడ చర్మం ఎర్రగా కమిలి, మెత్తటి గుడ్డ తగిలినా అమ్మ పళ్లు బిగపట్టుకుంటోంది. చూడలేకపోతున్నాను. చిన్నపేగు నుంచి వచ్చేదాంట్లో జీర్ణరసాలుంటాయి కాబట్టి చర్మాన్ని తినేస్తుందని తెలుసు. అందుకే ఉత్త గోరువెచ్చని నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, బ్యాగ్ మూడో వంతు నిండగానే ఖాళీ చేస్తున్నా. మొదటి 6-8 వారాల్లో స్టోమా కాస్త చిన్నదవుతుంది కదా, ప్రతిసారీ కొలిచి దానికన్నా 2-3 మి.మీ. మాత్రమే పెద్దగా రంధ్రం కత్తిరిస్తున్నా. అయినా కారుతోంది.

మడత ఉన్న చోట సందు పూడ్చడానికి పేస్ట్ మేలా, రింగ్ మేలా? స్టోమా పౌడర్ చల్లాక బ్యాగ్ అంటుకోవట్లేదు, మిగిలిన పొడి ఎలా దులుపుతారు?

ఇంకోటి, బ్యాగ్‌లోకి రోజుకి లీటరున్నర దాకా వస్తోంది, మూత్రం తగ్గి ముదురు రంగులో ఉంది, ఒంట్లో నీళ్లు తగ్గుతున్నాయని టెన్షన్‌గా ఉంది. దీని గురించి ఇవాళే డాక్టరుకి ఫోన్ చేస్తున్నా. ఉత్త నీళ్లు ఎక్కువ తాగితే ఇంకా పెరుగుతుందని ఓఆర్ఎస్ ఇస్తున్నా గానీ ఆ రుచి అమ్మకి సహించట్లేదు. స్టోమా నర్సులు గానీ, ఇంట్లో ఇలా చూసుకున్నవాళ్లు గానీ ఉంటే దయచేసి చెప్పండి.